ఐదేళ్లు నిండేదాకా ఆగిన తండ్రి: విశాఖలో ఒక కస్టడీ కేసు

ఈ కేసులో నా క్లయింటు తండ్రి. పేర్లు రాయడం లేదు. వయసులు, పేటలు, ఉద్యోగ వివరాలు కొన్ని మార్చాను. పాపను గుర్తుపట్టే వివరమేదీ ఇందులో ఉండదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, భార్యతో విడిపోయిన మగవాళ్లు నా దగ్గరికి తెచ్చే ప్రశ్నలు దాదాపు అన్నీ ఈ ఒక్క కేసులోనే ఎదురయ్యాయి. అందులోనూ "ఐదేళ్లు నిండేదాకా ఊరుకో, ఆ తర్వాత బిడ్డ నీదే" అనే సలహా ఒక తండ్రికి ఎంత నష్టం చేస్తుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

నేపథ్యం

అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. గాజువాక వైపు ఒక పరిశ్రమలో షిఫ్టు ఉద్యోగం. ఏ, బి, సి షిఫ్టులు మారుతూ ఉంటాయి. భార్య పీజీ చదివింది, ప్రైవేటు కంపెనీలో పని. అత్తగారితో పొసగకపోవడం, జీతం ఎవరి చేతిలో ఉండాలన్న పేచీ, ఒకటి రెండుసార్లు మాట మించి చెయ్యి లేవడం. చెయ్యి లేచిందని అతనే నాతో ఒప్పుకున్నాడు. మూడున్నరేళ్ల పాపను తీసుకుని ఆమె మధురవాడలోని పుట్టింటికి వెళ్లిపోయింది.

తర్వాత మామూలే. పెద్దమనుషుల సిట్టింగులు జరిగాయి. మొదటిసారి అలిగి లేచిపోయారు, రెండోసారి ఆడపిల్ల తరఫువాళ్లు రాలేదు. ఆ పెద్దల్లో ఒకాయన, చట్టం తెలిసినవాడని పేరున్నాయన, ఇతనికి చెప్పాడు: "చిన్నపిల్ల కదా, ఇప్పుడు కోర్టుకెళ్తే తల్లికే ఇస్తారు. ఐదేళ్లు నిండనీ." ఇతను నమ్మి ఆగాడు. ఆగిన ఏడాదిన్నరలో పాపను చూసింది ఒక పుట్టినరోజు నాడు, అదీ గేటు దగ్గర.

ఆగుతూ ఊరికే ఉన్నాడా అంటే అదీ లేదు. వేరే వకీలుతో నోటీసు పంపించాడు. కాపురానికి రావాలని ఒక పేరాలో, నీ నడత మంచిది కాదని మరో పేరాలో, పాపను వెంటనే అప్పగించకపోతే తీవ్ర పరిణామాలుంటాయని చివర్లో. దాని వెనకే హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 కింద కాపురానికి రమ్మని పిటిషన్ కూడా వేశాడు. మన వైపు ఇది అలవాటుగా వేసే కేసు. ఏం చెయ్యాలో తోచకపోతే సెక్షన్ 9.

నా దగ్గరికి వచ్చినప్పుడు

రెండు కాగితాలు పట్టుకుని వచ్చాడు. ఒకటి సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 కింద ఆమె వేసిన మెయింటెనెన్స్ (భరణం) కేసు సమన్లు, రెండోది 498ఏ కింద, అంటే భార్య పట్ల క్రూరత్వం అన్న ఫిర్యాదు మీద పోలీసులు ఇచ్చిన నోటీసు. ఇవి 2024 జూలైకి ముందు సంగతులు కాబట్టి పాత సెక్షన్లే రాస్తున్నాను. ఇప్పుడైతే కొత్త చట్టాల్లో మెయింటెనెన్స్‌కు బిఎన్ఎస్ఎస్ 144, క్రూరత్వానికి బిఎన్ఎస్ 85. పాపకు అప్పటికి ఐదు దాటింది. అతని వెంట వాళ్లమ్మ కూడా వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే, "మా గుంటని ఎప్పుడు తెస్తావమ్మా?" అని అడిగింది.

అరెస్టు భయం ముందు తీర్చాను. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం ఇలాంటి ఫిర్యాదుల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదు. నోటీసు ఇచ్చారంటేనే హాజరై సహకరించమని అర్థం. వెళ్లి వివరాలిచ్చి రమ్మన్నాను. ఆ టెన్షన్ దిగాక అసలు ప్రశ్నలు బయటికొచ్చాయి.

"తండ్రే కదండీ సహజ గార్డియన్, మరి పాప నాకు రావాలి కదా?" 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 6లో తండ్రి, తర్వాత తల్లి అని ఉన్నమాట నిజమే. కానీ 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు ఆ 'తర్వాత'ను తండ్రి చనిపోయాక అనే అర్థంలో చదవనవసరం లేదని తేల్చింది. అదీకాక గార్డియన్ ఎవరన్నది వేరు, బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది వేరు. రెండోదానికి కొలబద్ద అదే చట్టంలోని సెక్షన్ 13, బిడ్డ సంక్షేమం.

ఐదేళ్ల సంగతి ఇంకా సూటిగా చెప్పాల్సి వచ్చింది. ఐదేళ్లు నిండని బిడ్డ సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని సెక్షన్ 6 చెబుతుంది. నిండాక తండ్రికి ఇవ్వాలని ఎక్కడా చెప్పదు. ఐదో పుట్టినరోజు మర్నాడు జడ్జి చూసేది పాప ఇప్పుడు ఎక్కడుంది, ఏ బడిలో కుదురుకుంది, రాత్రి ఎవరి పక్కన పడుకుంటోంది అన్నదే. అంటే ఆగిన ప్రతి నెలా అవతలి పక్షానికే బలం చేకూర్చింది. ఆ మాట విన్నాక అతను చాలాసేపు ఏమీ అడగలేదు.

తర్వాత గొంతు తగ్గించి, "స్కూలు వదిలే టైముకి వెళ్లి తెచ్చేసుకుంటే ఎవరేం చేస్తారు మేడమ్?" అన్నాడు. కన్నతండ్రి మీద కిడ్నాప్ కేసు నిలబడడం మామూలుగా కష్టమే. అయినా వద్దన్నాను. బడి గేటు దగ్గర ఏడ్చే పాప, ఫోన్లలో వీడియోలు, మర్నాడు ఆమె వేసే అర్జెంటు పిటిషన్: ఆ తర్వాత ఏ జడ్జీ ఇతని చేతికి పాపను రాత్రిపూట ఇవ్వడానికి ధైర్యం చేయడు. ఒక్క సాయంత్రం కోసం పదేళ్లు పోగొట్టుకోవడం అది.

చివరిది డబ్బు. "పాపను చూపించనప్పుడు నేనెందుకు కట్టాలి?" ఏదో వాట్సాప్ గ్రూపులో కట్టొద్దని చెప్పారట. ఈ రెండూ చట్టంలో ఒకదానికొకటి ముడిపడినవి కావు. చూపించకపోతే అందుకు వేరే పిటిషన్ ఉంది. కట్టకపోతే మాత్రం బకాయి ఉన్న ఒక్కో నెలకు నెల రోజుల దాకా జైల్లో పెట్టే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. 2020లో రజనీష్, నేహ కేసు తీర్పు తర్వాత మెయింటెనెన్స్‌ను దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్కగడుతున్నారు. వాయిదాలు తీసుకున్నకొద్దీ బకాయి కొండలా పెరుగుతుంది.

ఏం అడగాలి అన్న నిర్ణయం

అతనికి పూర్తి కస్టడీ కావాలి. నేను ఒక మామూలు వారం గురించి చెప్పమన్నాను. సి షిఫ్టు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా. ఆ వారం పాప ఎవరి దగ్గర పడుకుంటుంది? అతని తల్లి దగ్గర. ఆమెకు మోకాళ్ల నొప్పులు, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. క్లాస్ టీచర్ పేరేంటి? తెలీదు. ఏ సెక్షన్? తెలీదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు మొదట అడిగేవి ఇవే. కానీ మందుల గురించి అడిగినప్పుడు మాత్రం ఆగకుండా చెప్పాడు. పాపకు చిన్నప్పటి నుంచి దుమ్ము పడితే పిల్లికూతలు. నెబ్యులైజర్ ఎప్పుడు, ఎంత మందు, ఏ డాక్టరు ఏమన్నాడు, అన్నీ నోటికొచ్చు. రాత్రిపూట లేచి చూసింది ఎక్కువగా తనేనట.

అప్పుడే నాకు దారి కనిపించింది. ముందు సెక్షన్ 9 పిటిషన్ వెనక్కి తీసుకున్నాం. నడత మంచిది కాదని నోటీసులో రాసి, కాపురానికి రమ్మని కోర్టును అడగడం పొసగదు. పైగా ఆ పిటిషన్ ఉన్నంతకాలం పాపను అడ్డం పెట్టి భార్యను రప్పించుకోవాలని చూస్తున్నాడన్న వాదనకు తావుంటుంది. ఆ తర్వాత 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఓపీ (ఒరిజినల్ పిటిషన్) వేశాం. భార్యాభర్తలిద్దరూ, పాపా విశాఖలోనే ఉన్నారు కాబట్టి ఏ కోర్టన్న గొడవ రాలేదు. కస్టడీ అడుగుతూనే, అది కాకపోతే వారాంతాలు, సెలవులు తండ్రి దగ్గర గడిపేలా ఉత్తర్వు ఇవ్వమని ప్రత్యామ్నాయంగా అడిగాం. సెక్షన్ 12 కింద మధ్యంతర పిటిషన్ కూడా జత చేశాం.

ప్రత్యామ్నాయం అడగడం అతనికి నచ్చలేదు. ఓడిపోయినట్టు అనిపించిందట. నా లెక్క వేరు. ఓపీ తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా ఇచ్చే మధ్యంతర ఉత్తర్వే పాప జీవితాన్ని నడుపుతుంది. పెద్దది అడిగి ఖాళీ చేతులతో ఉండేకంటే, చిన్నదైనా చేతికందేది ముందు సంపాదించాలి. తండ్రికీ తల్లికీ కలిపి కస్టడీ ఇచ్చే పద్ధతి ఉండాలని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. చట్టంలోకి మాత్రం రాలేదు. కాబట్టి అలాంటిది ఏదైనా ఉత్తర్వులో రాయించుకుంటేనే దక్కుతుంది.

పారనివి

మొదటి ఉత్తర్వు: నెలలో మొదటి, మూడో శనివారాలు ఉదయం పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా కోర్టు ఆవరణలో కలవాలి. రెండో శనివారం కోర్టుకు సెలవు కాబట్టి ఆ రెండు శనివారాలు.

ఇది పారలేదు. ఏడాదిన్నర చూడని మనిషిని ఖైదీలు, పోలీసులు తిరిగే వరండాలో చూసి పాప అమ్మమ్మ కొంగు వదల్లేదు. ఇతను సి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాడు. ఎర్రబడ్డ కళ్లు చూసి తాగొచ్చాడని అవతలివాళ్లు కౌంటర్లో, అంటే కోర్టుకిచ్చే జవాబులో రాశారు. అతని తమ్ముడు ఫోన్ పట్టుకుని సాక్ష్యం కోసమంటూ వీడియో తీసేవాడు, పాప మొహం తిప్పేసుకునేది. పెద్ద పెద్ద బొమ్మల డబ్బాలు తెచ్చేవాడు. "అమ్మ నా గురించి ఏమంటోందమ్మా?" అని అడిగేవాడు. వీడియోలు, డబ్బాలు, ఆ ప్రశ్న మూడూ ఆపించాను. తమ్ముణ్ని రావద్దన్నాను.

కొన్ని శనివారాలు వాళ్లు రాలేదు. జ్వరం అన్నారు, పెళ్లి అన్నారు. కోర్టు ధిక్కారం వేద్దామని ఇతని పట్టు. నేను ఒప్పుకోలేదు. తల్లిని శిక్షించమని అడిగే తండ్రి జడ్జికి వేరేలా కనిపిస్తాడు, పాపకు ఇంకా వేరేలా. బదులుగా రాని ప్రతిసారీ అదే రోజు ఒక చిన్న మెమో ఫైల్ చేశాం: తండ్రి హాజరు, పాపను తీసుకురాలేదు, ఇన్ని గంటల దాకా ఎదురుచూశాడు. తిట్లు లేవు, విశేషణాలు లేవు. ఆ మెమోలు ఒకదాని మీద ఒకటి చేరాక వాటిని వివరించాల్సిన అవసరమే రాలేదు.

పాత నోటీసు మాత్రం వెంటాడింది. 'తీవ్ర పరిణామాలు' అన్న వాక్యం బెదిరింపేనంటూ అవతలి లాయరు ఆ నోటీసును కోర్టులో సాక్ష్యంగా మార్క్ చేయించారు. కోపంలో పంపిన నోటీసు ఎప్పటికైనా ఎగ్జిబిట్ నంబరు తగిలించుకుని తిరిగొస్తుంది.

ఇన్‌హేలర్

ఒక శనివారం నేనూ ఆ వరండాలోనే ఉన్నాను. పాపకు దగ్గు మొదలైంది. అమ్మమ్మ వీపు రాస్తోంది, తగ్గడం లేదు. ఇతను లేచి, "అత్తయ్యా, ఇన్‌హేలర్ తెచ్చారా?" అన్నాడు. ఆమె సంచిలోంచి తీసిచ్చింది. ఇతను దాన్ని బాగా ఊపి, స్పేసర్‌కు (మాస్కు ఉన్న ప్లాస్టిక్ గొట్టం) తగిలించి, పాప ముందు గొంతుక్కూర్చుని మాస్కు మొహానికి ఆనించాడు. ఒకసారి నొక్కి, "లెక్కపెడదామా?" అన్నాడు. ఒకటి, రెండు అని ఇతను మొదలుపెడితే నాలుగు నుంచి పాప వేళ్లు ముడుస్తూ తోడైంది. పది అయ్యాక మాస్కు తీసి, గ్లాసుడు నీళ్లిచ్చి పుక్కిలించమన్నాడు. పాప చేసింది. ఆ రోజు మిగిలిన గంటా ఇతని మోకాలికి ఆనుకునే నిలబడింది. అమ్మమ్మ ఏమీ అనలేదు.

ఉత్తర్వు మార్చమని వేసిన పిటిషన్ అంతా ఆ ఒక్క విషయం చుట్టూ కట్టాను. విడిపోకముందు నాటి ఆసుపత్రి ఓపీ చీటీలు అతని దగ్గర భద్రంగా ఉన్నాయి, వాటి మీద ఫోన్ నంబరు ఇతనిది. అవన్నీ దాఖలు చేశాం. ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 14 వల్ల ఇలాంటి కాగితాలు తీసుకోవడంలో కోర్టుకు కొంత వెసులుబాటు ఉంది. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు చెప్పినదీ చూపించాం: బిడ్డకు తల్లీ తండ్రీ ఇద్దరి ప్రేమా కావాలి, కలవడం కుదరనప్పుడు ఫోన్, వీడియో కాల్ ద్వారానైనా సంబంధం ఉండాలి.

కౌంటర్ గట్టిగా వచ్చింది. గాజువాక గాలిలో ఉబ్బసం ఉన్న పిల్లను ఎలా పంపిస్తాం అన్నారు. షిఫ్టులు, నాన్నమ్మ మోకాళ్లు కూడా రాశారు. వీటిలో అబద్ధం ఏదీ లేదు. గాజువాక కాలుష్యం విశాఖలో ఎవరికి తెలియదు? నిజాన్ని వాదనతో కొట్టేయలేం, పరిస్థితినే మార్చుకోవాలి. ఇతను గోపాలపట్నం వైపు కింది అంతస్తు ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. జనరల్ షిఫ్టు కోసం దరఖాస్తు పెట్టి తిరిగి తిరిగి సాధించాడు. నైట్ అలవెన్సు పోయింది. ఆ ఆఫీసు ఆర్డరు కాపీ ఈ కేసులో మేం వేసిన కాగితాలన్నింటిలోకీ బలమైనది.

ఆస్తులు, అప్పుల అఫిడవిట్ దగ్గర మాత్రం నాకూ అతనికీ పేచీ వచ్చింది. ఆనందపురం వైపు కొన్న స్థలం, ఓవర్‌టైమ్ చూపించొద్దన్నాడు. అన్నీ రాయకపోతే వకాల్తా వదిలేస్తానన్నాను. పేస్లిప్పులు ఎలాగూ తెప్పిస్తారు. డబ్బు విషయంలో ఒక్క అబద్ధం దొరికితే పాప విషయంలో చెప్పిన నిజాలు కూడా పోతాయి. రాశాడు. మెయింటెనెన్స్ కొంచెం పెరిగింది. బకాయి కట్టేసి, ప్రతి నెలా బ్యాంకు ద్వారానే వేయడం మొదలుపెట్టాడు.

జడ్జి పాపతో ఛాంబర్లో విడిగా మాట్లాడారు. కౌన్సెలర్ రిపోర్టు తెప్పించుకున్నారు. రెండో ఉత్తర్వు వచ్చింది: ప్రతి ఆదివారం పొద్దున నుంచి సాయంత్రం దాకా, మూడు నెలలు సజావుగా సాగితే శనివారం రాత్రి కూడా.

ఈసారి ఉత్తర్వులో ఏముండాలో డ్రాఫ్టు మేమే ఇచ్చాం. కొత్తగా ఈ పని చేసే లాయర్లు గమనించాల్సింది ఇదే. 'తండ్రి పాపను కలవవచ్చు' అని మాత్రమే రాస్తే ప్రతి ఆదివారం ఒక తగాదా. పాపను అప్పగించేది ఇంటి గేటు దగ్గర కాదు, ఇద్దరికీ తెలిసిన సూపర్ మార్కెట్ ముందు. తెచ్చేది అమ్మమ్మ, తీసుకునేది తండ్రి ఒక్కడే. అరగంట దాకా ఆగాలి. జ్వరమైతే ముందురోజు రాత్రిలోగా మెసేజ్, పోయిన రోజుకు బదులు వచ్చే శనివారం. ఇన్‌హేలర్, స్పేసర్, మందుల చీటీ సంచిలో ఉండాలి. బుధవారం సాయంత్రం ఏడు గంటలకు వీడియో కాల్. ఎవరూ రికార్డు చేయకూడదు. చదవడానికి చిన్నచిన్న విషయాలు. కేసు మళ్లీ కోర్టుకు ఎక్కేది వీటి దగ్గరే.

హైదరాబాద్

ఆదివారాలు గాడిన పడ్డాయి. బీచ్, జూ, వర్షం వస్తే ఇంట్లో క్యారమ్స్. ఇంతలో ఆమెకు హైదరాబాద్ బదిలీ. ఇతను పరుగెత్తుకుంటూ వచ్చి స్టే తెద్దామన్నాడు.

వేయొచ్చు. కానీ ఉద్యోగం మానుకోమని ఆమెకు కోర్టు చెప్పడం కష్టం. చెప్పినా, ఉద్యోగం పోగొట్టుకున్న తల్లి ప్రతి ఆదివారం పాపను నవ్వుతూ పంపుతుందా? మరోవైపు, వెళ్లేముందు ఆమెకూ అన్నీ తేల్చుకోవాలని ఉంది. ఇద్దరికీ తొందర ఉన్న సమయమే రాజీకి మంచి సమయం. మీడియేషన్‌కు పంపమని మేమే అడిగాం.

పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి విడాకులు కుదిరాయి. విడిగా ఉంటూ ఏడాదిన్నర ఎప్పుడో దాటింది కాబట్టి 2017 నాటి అమర్‌దీప్ సింగ్ తీర్పు ఆధారంగా ఆరు నెలలు ఆగాలన్న గడువు మినహాయించమని కోరాం. 498ఏ సంగతికి హైకోర్టుకు వెళ్లాల్సిన పని లేకపోయింది. పాత సీఆర్పీసీకి మన రాష్ట్రం 2003లో చేసిన సవరణ వల్ల అప్పట్లో ఇక్కడ కోర్టు అనుమతితో రాజీ పడే వీలుండేది, మూడు నెలలు ఆగాలంతే.

పాప తల్లి దగ్గరే. వేసవి సెలవుల్లో సగం, దసరా లేదా సంక్రాంతి ఏడాది విడిచి ఏడాది తండ్రి దగ్గర. నెలలో ఒక వారాంతం అతనే హైదరాబాద్ వెళ్లాలి. బడి మార్చాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా, ఆపరేషన్ చేయించాలన్నా ఇద్దరి సంతకం. ప్రోగ్రెస్ రిపోర్టు ఇద్దరికీ. పాప ఖర్చు మీద ఏటా పెంపు. 'ఇకపై పాప తరఫున ఏమీ అడగరాదు' అని ఒక వాక్యం పెట్టించమని ఇతను అడిగాడు. పెట్టలేదు. ఆ హక్కు పాపది, తల్లి వదులుకున్నా చెల్లదు.

అతని తల్లికి మాత్రం ఇది తృప్తి లేదు. "గుంటని చుట్టంలా పంపుతారా?" అంది. వేసవి సగమంటే ఎన్ని రోజులో లెక్క చెప్పాను. తన మోకాళ్ల వైపు చూసుకుని, కింది ఇల్లే ఉంచమని కొడుకుతో అంది.

మొన్న వేసవిలో అతను మళ్లీ వచ్చాడు. పాప ఈత నేర్చుకుంటోందని పది రోజులు ఆలస్యంగా పంపారట, ఉత్తర్వు అమలు చేయించే ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేద్దామా అని. పాపకు ఇప్పుడు ఎనిమిది. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఆలోచించి చెప్పగల వయసు పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చు. ఈత మానిపించిన తండ్రి అన్న పేరు అతనికి ఎందుకు? పోయిన పది రోజులకు బదులు ఈ ఏడాది దసరా కూడా తనకే ఇవ్వమని మర్యాదగా ఒక మెయిల్ పెట్టమన్నాను. ఆమె ఆరు రోజులకు ఒప్పుకుంది. ఆ జవాబు ప్రింటు తీసి ఫైల్లో పెట్టాం, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్లు అతను ఫోన్లో అక్కడే బుక్ చేసుకున్నాడు.